మాటకూ చదువుకూ తోడు వచ్చే సాధనాలు: హైదరాబాద్ తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

మా అమ్మాయికి 14 ఏళ్లు. సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని కండరాలు అదుపులో లేకపోవడం వల్ల నోటి వెంట మాటలు రావు. అయినా కళ్లతో, చేతి సైగలతో, ఒక పాత టాబ్లెట్‌తో పొద్దున లేచింది మొదలు పడుకునే దాకా మాట్లాడుతూనే ఉంటుంది. పదేళ్లుగా బోయినపల్లి, కోఠి, మలక్‌పేట తిరుగుతూ, థెరపీ గదుల బయట బెంచీల మీద కూర్చుని ఎందరో అమ్మానాన్నలతో మాట్లాడాను. వాళ్లు నన్ను అడిగిన ప్రశ్నలే ఇవి. నేను డాక్టర్‌ను కాను. తల్లిగా నేర్చుకున్నదీ, థెరపిస్టుల దగ్గర, చూపు లేని స్నేహితుల దగ్గర, వినపడని స్నేహితుల దగ్గర తెలుసుకున్నదీ రాస్తున్నాను.

సహాయక సాధనాలంటే ఖరీదైన మిషన్లేనా?

కాదండి. పెన్సిల్ జారిపోకుండా తొడిగిన రబ్బరు ముక్క కూడా సహాయక సాధనమే. అట్ట మీద అతికించిన నాలుగు ఫొటోలు, పెద్ద అక్షరాల పుస్తకం, చదివేటప్పుడు వరస తప్పకుండా కింద పెట్టుకునే స్కేలు, బ్రెయిలీ పలక, వినికిడి మిషన్, తెర మీది అక్షరాలను చదివి వినిపించే ఫోన్, కంటిచూపుతో నడిచే కంప్యూటర్, ఇవన్నీ ఆ కోవలోవే. మా ఇంట్లో అందరికంటే ఎక్కువ పని చేసింది ఆబిడ్స్‌లో లామినేషన్ చేయించిన ఒక కాగితం. దాని మీద పన్నెండు బొమ్మలు, అంతే. టాబ్లెట్ కొన్నది ఆ తర్వాత మూడేళ్లకు.

బొమ్మల బోర్డు, బొమ్మ నొక్కితే మాట పలికే యాప్ అలవాటు చేస్తే ఇక నోటి మాట రాకుండా పోతుందేమో అని భయంగా ఉంది. నిజమేనా?

అందరూ మొదట అడిగేది ఇదే. నేనూ ఇదే అడిగాను. అప్పట్లో మేము వెళ్లిన ఒక సెంటర్‌లో, "ఇప్పుడే బోర్డు ఇస్తే బద్ధకం వస్తుంది, అయిదేళ్లు నిండే దాకా ఆగండి" అన్నారు. ఆగాం. ఆ రెండేళ్లలో మా పాప తల నేలకేసి కొట్టుకోవడం నేర్చుకుంది. కడుపు నొప్పా, దూపా, భయమా, ఏదీ చెప్పే దారి లేదు మరి. ఆ రెండేళ్లు తలచుకుంటే నాకిప్పటికీ బాధగానే ఉంటుంది.

నిజం ఏమిటంటే, బొమ్మలూ సైగలూ యాప్‌లూ వాడటం వల్ల మాట ఆగిపోదు. 2006లో అమెరికా పరిశోధకులు అంతకు ముందు వచ్చిన అధ్యయనాలను పోగేసి చూశారు. నమ్మదగిన ఆధారాలున్న 27 మందిలో ఒక్కరికి కూడా ఉన్న మాట తగ్గలేదు. ఎక్కువ మందికి కాస్తో కూస్తో పెరిగింది. ఆలోచిస్తే అర్థమవుతుంది కూడా. పిల్లలు బొమ్మను చూపించిన ప్రతిసారీ ఆ మాట చెవిన పడుతుంది, దానికి జవాబు వస్తుంది, మళ్లీ చెప్పాలనిపిస్తుంది. నోటితో చెప్పగలిగే బిడ్డకు నోరే సులువు. కాబట్టి మాట వచ్చిన రోజున బోర్డును తనే పక్కన పెడుతుంది. మాట రాకపోతే అప్పటికే చేతిలో ఒక భాష ఉంటుంది. స్పీచ్ థెరపీ మానేయమని నేను చెప్పడం లేదు. రెండూ కలిసే నడవాలి.

ఏ వయసులో మొదలుపెట్టాలి? ముందు ఏమైనా రావాలా?

మాట ఆలస్యమవుతోందని తెలిసిన వెంటనే, ఏడాదిన్నరకైనా సరే. "ముందు బొమ్మలు గుర్తుపట్టాలి, ముందు కుదురుగా కూర్చోవాలి" అనే షరతులు పెట్టుకోవద్దు. మాటలొచ్చే పిల్లలతో మనం అర్థమయ్యాకే మాట్లాడదామని ఏడాది పాటు మౌనంగా కూర్చోం కదా.

బోర్డు మీద ఏ మాటలు పెట్టాలి?

చాలామంది ఆపిల్, కుక్క, కారు బొమ్మలతో మొదలుపెడతారు. ఆ బొమ్మలతో పిల్లలు పేర్లు చెప్పగలరు తప్ప మనసులో మాట చెప్పలేరు. రోజంతా పనికొచ్చేవి చిన్న మాటలు: వద్దు, ఇంకా, అయిపోయింది, రా, పో, నాకు, నువ్వు, ఏంటి, నొప్పి, ఆగు. వీటిలో "వద్దు" తప్పకుండా ఉండాలి. అది నొక్కినప్పుడు మనం నిజంగా ఆపాలి. ఇడ్లీ వద్దంటే నోట్లో కుక్కకూడదు.

ఇంటి మాటలే పెట్టండి. మా ఇంట్లో దాహం అనే మాట ఎవరూ వాడరు, దూప అంటారు. మజ్జిగను సల్ల అంటారు. నాయనమ్మ పిలుపు ఒకటి, బోర్డు మీది మాట ఇంకొకటి అయితే పిల్లలకు రెండు భాషలు నేర్చుకున్నంత పని. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు ఉన్న కుటుంబాలు మన ఊళ్లో ఎన్నో. అలాంటప్పుడు అమ్మ ఏ భాషలో జోల పాడుతుందో ఆ భాషతోనే మొదలుపెట్టమంటాను.

ఇంకో చిక్కుంది, దీని గురించి ఎవరూ ముందుగా చెప్పరు. ఇంగ్లిష్‌లో తయారైన బోర్డులను అలాగే తెలుగు చేస్తే "నాకు కావాలి నీళ్లు" అని వస్తుంది. మనం అలా అనం. తెలుగులో క్రియ చివరికి వస్తుంది కాబట్టి "కావాలి", "వద్దు" అనే గడులు కుడి చివర పెట్టాలి, వేలు ఎడమ నుంచి కుడికి నడిచేలా. పైగా ఇంగ్లిష్‌లో కాదు అనడానికి ఒక్క మాట జత చేస్తే చాలు. మనకు ఆ కాదనడం క్రియలోనే కలిసిపోతుంది: తింటాను, తినను. వస్తాను, రాను. మేము మొదట "తిను" అనే ఒక్క గడే పెట్టాం. పాప దాన్ని నొక్కి తల అడ్డంగా ఊపేది. ఆమె ఏం చెప్పాలనుకుంటోందో అర్థం కావడానికి నాకు నెల పట్టింది. ఆ తర్వాత "తింటా", "తినను" రెండు గడులు పెట్టాం. మర్నాడే ఉప్మా తినలేదు.

సందర్భాన్ని బట్టి ఒక్కో పేజీ కూడా తయారు చేసుకోండి. మేము బోనాలకు ఒకటి, నాంపల్లి నుమాయిష్‌కు ఒకటి పెట్టుకున్నాం. నుమాయిష్ పేజీలో జెయింట్ వీల్, మిర్చి బజ్జీలతో పాటు "గోల ఎక్కువైంది", "ఇంటికి పోదాం" కూడా ఉన్నాయి.

యాప్ వేశాం. వారం నుంచి మా బాబు దాన్ని ముట్టుకోవడం లేదు. దండగేనా?

వారం చాలదు. బాబు నొక్కాలని ఎదురుచూడకుండా ముందు మీరు నొక్కండి. "అన్నం తిందామా" అంటూ అన్నం గడి, తిను గడి మీరే నొక్కి చూపించండి. తన పక్కన ఎవరూ ఆ భాష మాట్లాడకపోతే బాబు ఎలా మాట్లాడతాడు? రోజుకు అరగంట క్లాసులా పెట్టొద్దు. స్నానం, అన్నం, ఆటో ప్రయాణం, వీటిలోనే కలిపేయండి. "ఇది నొక్కు, అది చూపించు" అని పరీక్షలు పెట్టొద్దు. అడిగాక మనసులో పది లెక్కపెట్టుకునే దాకా ఆగండి. ఆ పది సెకన్లు ఆగలేకే మనం వాళ్ల మాటను మింగేస్తాం. మా అత్తగారు బోర్డు వాడటం మొదలుపెట్టాకే మా పాప మాటలు పెరిగాయి, ఎందుకంటే రోజంతా తనతో ఉండేది ఆవిడే.

తెలుగులో పనికొచ్చే యాప్‌లు ఏవి?

ఐఐటీ బొంబాయిలో తయారైన జెల్లో ఉచితం, భారతీయ భాషల్లో వాడుకోవచ్చు. చెన్నైలో పుట్టిన ఆవాజ్‌కు డబ్బు కట్టాలి, కానీ మాటలు చాలా ఎక్కువ. ఏదైనా డబ్బు కట్టే ముందు మూడు చూడండి. తెలుగు గొంతు ఎలా ఉంది, మీ ఇంటి పేర్లు సరిగా పలుకుతుందా. సొంత గొంతు రికార్డు చేసుకోవచ్చా. ఇంటర్నెట్ లేకపోయినా నడుస్తుందా. యాప్ గొంతు నచ్చకపోతే పెదనాన్న కూతురో, పక్కింటి పాపో, మీ బిడ్డ వయసు వాళ్ల గొంతుతో రికార్డు చేయండి. పదేళ్ల ఆడపిల్ల నోట మగాయన గొంతు వినిపిస్తే ఆమెకే ఇబ్బందిగా ఉంటుంది.

చేతులు అసలు ఆడవు. అలాంటప్పుడు ఎలా?

తన ఇష్టప్రకారం కదిలే ఒక్క భాగం ఉన్నా చాలు. మోకాలు, తల, కనురెప్ప, ఏదైనా సరే. ఆండ్రాయిడ్‌లో స్విచ్ యాక్సెస్, ఐఫోన్‌లో స్విచ్ కంట్రోల్ ఉంటాయి. గడులు ఒక్కొక్కటిగా వెలుగుతూ పోతుంటే కావలసిన చోట ఒక పెద్ద బటన్‌ను తాకితే చాలు. కంటిచూపును పట్టే పరికరాలు కూడా ఉన్నాయి, 2024లో వచ్చిన యాపిల్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 18లో ఆ ఏర్పాటు ఐఫోన్, ఐప్యాడ్‌లలోనే ఇచ్చారు. అయితే వీటన్నిటికంటే ముందు కూర్చోబెట్టడం సరిచూసుకోండి. నడుము జారిపోతూ, తల వాలిపోతూ ఉంటే ఆ బిడ్డ బలమంతా పడిపోకుండా ఉండడానికే సరిపోతుంది.

మా బాబుకు వినపడటం లేదేమో అని అనుమానం. ఎక్కడికి వెళ్లాలి, ఏం చేయాలి?

అనుమానం వచ్చిన రోజే వెళ్లండి. "వాళ్ల నాన్నకూ మాటలు లేటే" అని పెద్దవాళ్లు చెప్పినా ఆగొద్దు. పుట్టిన నెలలోపు మొదటి పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు సాయం మొదలవ్వాలని డాక్టర్లు చెప్పే లెక్క. పసిపిల్లలకు ఓఏఈ, బెరా అనే పరీక్షలు చేస్తారు, నొప్పి ఉండదు. కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రి ఉంది. బోయినపల్లి మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, అది వినికిడికీ మాటకూ సంబంధించిన కేంద్ర ప్రభుత్వ సంస్థ.

వినికిడి మిషన్ పెట్టగానే పని అయిపోదు. మెలకువగా ఉన్నంతసేపూ పెట్టి ఉంచాలి. వానాకాలంలో తేమ లోపలికి పోయి గుర్రుమంటుంది. రాత్రి బ్యాటరీ తీసి సిలికా జెల్ పొట్లం ఉన్న డబ్బాలో పెట్టండి. జింక్ ఎయిర్ బ్యాటరీ సెల్లు పిల్లలకు అందకుండా దాచండి. మింగితే ప్రాణం మీదికి వస్తుంది. కాక్లియర్ ఇంప్లాంట్, అంటే ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం, అర్హత ఉన్న పిల్లలకు ఆరోగ్యశ్రీ కింద పెడతారు. కానీ ఆపరేషన్ తర్వాత మ్యాపింగ్ కోసం, అంటే పరికరాన్ని బిడ్డ వినికిడికి తగ్గట్టు సరిచేయించడానికి తిరగడం, ఏళ్ల తరబడి థెరపీ, ఇవే అసలు పని. వాటికి సిద్ధపడే దిగండి.

సైగల భాష నేర్పొద్దని మీకు ఎవరైనా చెబితే నేను ఒప్పుకోను. మిషన్ పని చేసినా చేయకపోయినా బిడ్డకు ఒక పూర్తి భాష దొరకడం ముఖ్యం. భారతీయ సంజ్ఞా భాషకు ఢిల్లీలో 2015లో పెట్టిన జాతీయ కేంద్రం 10,000 పదాల వీడియో నిఘంటువు తయారు చేసింది, ఉచితంగా చూడొచ్చు. టీవీలో పీఎం ఈ-విద్య 31వ చానల్‌ను ఈ భాషకే కేటాయించారు. కాలేజీకి వెళ్లే పిల్లలకు లైవ్ ట్రాన్స్‌క్రైబ్ అనే యాప్ పనికొస్తుంది. లెక్చరర్ చెప్పేది ఫోన్ తెర మీద తెలుగులోనే అక్షరాలుగా వస్తుంది. క్లాసులో గోల ఉంటే తప్పులు పడతాయి కాబట్టి ముందు బెంచీ అడగండి.

చూపు లేని పాప ఫోన్ విని చదువుకుంటోంది. ఇక బ్రెయిలీ ఎందుకు?

వినడం వేరు, చదవడం వేరు. విని మాత్రమే చదువుకున్న పిల్లలకు ఒత్తు ఎక్కడుందో, దీర్ఘం ఎక్కడుందో తెలియదు. మనం కళ్లతో నేర్చుకున్న స్పెల్లింగ్‌ను వాళ్లు వేళ్లతోనే నేర్చుకోవాలి. లెక్కలు కూడా అంతే. పొడుగాటి సమీకరణాన్ని చెవితో పట్టుకోవడం చాలా కష్టం.

తెలుగు బ్రెయిలీ అనుకున్నంత కష్టం కాదు. దేశభాషలన్నిటికీ ఉమ్మడిగా 1951లో స్థిరపడిన భారతి బ్రెయిలీలో ఆరు చుక్కలే. "క"కూ ఇంగ్లిష్ కె అక్షరానికీ ఒకటే గుర్తు. గుణింతానికి వేరే గుర్తులు లేవు, "కి" రాయాలంటే క పక్కన ఇ రాస్తే సరి. అమ్మానాన్నలు కళ్లతో చూసి రెండు మూడు వారాల్లో నేర్చుకోవచ్చు, నేర్చుకోండి కూడా.

తెర మీది అక్షరాలను చదివి వినిపించే ప్రోగ్రాములను స్క్రీన్ రీడర్లు అంటారు. ఫోన్‌లో టాక్‌బ్యాక్, కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ అలాంటివే, తెలుగు చదువుతాయి. రెండూ ఉచితం. కాస్త చూపు ఉన్న పిల్లలకైతే ముందు బంజారాహిల్స్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రిలో లో విజన్ విభాగానికి తీసుకెళ్లండి. సరైన భూతద్దం, సరైన లైటు దొరికితే మామూలు పుస్తకమే చదివే పిల్లలు ఎందరో.

చూపు లేని పిల్లలు సైన్స్ చదవగలరా?

చదవగలరు. బేగంపేటలోని దేవ్‌నార్ అంధుల పాఠశాలలో చదివిన శ్రీకాంత్ బొల్లా ఇంటర్‌లో సైన్స్ గ్రూపు కోసం కోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. గెలిచి, పాఠాలు ఆడియోగా విని చదువుకుని, ఆపైన అమెరికాలో ఎంఐటీకి వెళ్లారు. ఇప్పుడు మీ పాపకు కోర్టు అవసరం పడకూడదు, చట్టం మన వైపే ఉంది.

తెలుగు పీడీఎఫ్ తెరిస్తే స్క్రీన్ రీడర్ ఏదేదో చదువుతోంది. ఫోన్ పాడైందా?

ఫోన్ బాగానే ఉంది, ఆ ఫైలే అలా తయారైంది. మన డీటీపీ సెంటర్లలో ఏళ్లుగా అను ఫాంట్లు వాడుతున్నారు. అవి కంటికి తెలుగులా కనిపిస్తాయి గానీ లోపల ఉన్నది ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ. స్క్రీన్ రీడర్ లోపల ఉన్నదాన్నే చదువుతుంది కాబట్టి ఒక్క ముక్కా అర్థం కాదు. స్కాన్ చేసిన పేజీలైతే ఇంకా అన్యాయం, అవి ఉత్త ఫొటోలు. వాటిని గూగుల్ డ్రైవ్‌లో పెట్టి డాక్స్‌తో తెరిస్తే చాలావరకు అక్షరాలుగా మారతాయి. ఒత్తులు, పాత అచ్చు ఉన్నచోట తప్పులు దిద్దుకోవాలి.

గైడ్లు, నోట్సులు, పత్రికలు తయారు చేసేవాళ్లకు నా విన్నపం ఇదే: యూనికోడ్‌లో, అంటే ఏ ఫోనైనా కంప్యూటరైనా తెలుగుగానే గుర్తుపట్టే అక్షరాల పద్ధతిలో ఇవ్వండి. మీకు అదనంగా ఒక్క రూపాయి ఖర్చు కాదు, ఒక పిల్ల మాత్రం ఎవరినీ బతిమాలకుండా చదువుకుంటుంది. కాపీరైట్ భయం కూడా అక్కర్లేదు. చదవలేని వాళ్ల కోసం పుస్తకాన్ని వేరే రూపంలోకి మార్చుకోవచ్చని 2012లోనే మన చట్టాన్ని సవరించారు. ఇందుకోసం వచ్చిన అంతర్జాతీయ మర్రకేష్ ఒప్పందాన్ని 2014లో అందరికంటే ముందు ఆమోదించింది భారతదేశమే. 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ లైబ్రరీలో పేరు నమోదు చేసుకుంటే ఇలాంటి పుస్తకాలు దొరుకుతాయి.

తెలివైన పిల్లాడే, కానీ చదవలేడు, రాస్తే అక్షరాలు తారుమారు. వీడికీ ఇవి పనికొస్తాయా?

పనికొస్తాయి. డిస్లెక్సియా లాంటి అభ్యసన లోపాలు 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఉన్నాయి. పాఠాన్ని ఫోన్ చదువుతుంటే పుస్తకంలో వేలు పెట్టి అనుసరించమనండి. రాయడానికి బదులు నోటితో చెప్పి టైపు చేయించండి. బద్ధకం అని తిట్టడం మాత్రం ఈ రోజే ఆపండి.

పరీక్షల్లో ఏమేం అడగొచ్చు?

కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలి. అంటే మూడు గంటల పరీక్షకు మరో గంట. రాయలేని వాళ్లకు స్క్రైబ్, అంటే వాళ్లు చెప్పింది రాసిపెట్టే మనిషి, ఉంటారు. వైకల్యం 40 శాతం కంటే తక్కువని స్క్రైబ్‌ను కాదనకూడదని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. రెండో, మూడో భాష నుంచి మినహాయింపు గురించి కూడా చట్టంలో ఉంది. ఇవన్నీ హాల్‌టికెట్ వచ్చాక అడిగితే టెన్షన్ తప్పదు. పదో తరగతి మొదలవగానే హెడ్మాస్టర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. స్క్రైబ్‌తో కనీసం పది పేపర్లు ప్రాక్టీస్ చేయించండి. చెప్పి రాయించడం కూడా నేర్చుకోవలసిన విద్యే.

స్కూల్లో టాబ్లెట్ తేవద్దంటున్నారు. మిగతా పిల్లలు కూడా అడుగుతారట.

మాకూ ఇదే జరిగింది. ఒక బడిలో మా పాప టాబ్లెట్‌ను పొద్దున తీసుకుని సాయంత్రం బ్యాగులో పెట్టి ఇచ్చేవాళ్లు. ఆరు గంటలు నా బిడ్డ నోరు కట్టేసినట్టే. మీరు వాదించకుండా ఒక కాగితం పట్టుకెళ్లండి. 2016 చట్టం 17వ సెక్షన్‌లో, మాట్లాడలేని వాళ్ల కోసం ప్రత్యామ్నాయ పద్ధతులను ప్రోత్సహించాలని ఉంది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న విద్యార్థులకు 18 ఏళ్ల దాకా పుస్తకాలు, తగిన పరికరాలు ఉచితంగా ఇవ్వాలని కూడా అదే సెక్షన్‌లో ఉంది. థెరపిస్ట్ ఉత్తరం జతచేయండి. ఆటల యాప్‌లు తెరుచుకోకుండా లాక్ చేసి చూపించండి. ఒక రోజు క్లాసుకు వెళ్లి మిగతా పిల్లలకు దాన్ని వాడి చూపించే అవకాశం అడగండి. కొత్త బడిలో మేము అలాగే చేశాం. వారంలో పిల్లలే మా పాప కోసం గడులు చూపించడం మొదలుపెట్టారు.

ఖర్చుకు ప్రభుత్వ సాయం ఎక్కడ దొరుకుతుంది? హైదరాబాద్‌లో ఎవరిని కలవాలి?

ముందు యూడీఐడీ కార్డు, అంటే వైకల్యం ఉన్నవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు. మన దగ్గర అందరూ ఇంకా సదరం సర్టిఫికెట్ అనే అంటారు. అది లేనిదే ఏ పథకమూ కదలదు. కేంద్రం ఆడిప్ పథకం కింద, ఆదాయాన్ని బట్టి, వినికిడి మిషన్లు, బ్రెయిలీ సామగ్రి లాంటివి ఇస్తారు. మేధో వైకల్యం ఉన్న పిల్లలకు టీఎల్ఎం కిట్ అనే బోధన సామగ్రి పెట్టె వస్తుంది. దాన్ని రూపొందించింది మన మనోవికాస్ నగర్‌లోనే 1984లో పెట్టిన జాతీయ సంస్థ, ఇప్పటి పేరు నీపిడ్. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకు కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల దాకా ఉంటుంది, థెరపీ ఖర్చుకూ వాడుకోవచ్చు. రాష్ట్రం తరఫున మలక్‌పేటలోని వికలాంగుల సహకార సంస్థను అడగండి. మండలాల్లో ఉండేవాళ్లు, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రానికి వెళ్లండి.

ప్రైవేటు థెరపీ సెంటర్లు ఇప్పుడు ప్రతి కాలనీలో ఉన్నాయి. బయటి పేరు బోర్డు చూసి ఫీజు కట్టొద్దు. థెరపిస్ట్‌కు, ఈ రంగంలో పనిచేసేవాళ్లను నమోదు చేసే కేంద్ర సంస్థ రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి, నంబరు చూపించమనండి. మంచివాళ్లు అడిగినందుకు ఏమీ అనుకోరు. సెషన్‌లో మిమ్మల్ని లోపల కూర్చోనివ్వని చోటుకు నేనైతే వెళ్లను. వాళ్లు గంట చేసేది మీరు ఇంట్లో రోజంతా చేయాలి, చూడకుండా ఎలా నేర్చుకుంటారు?

పక్షవాతం వచ్చి మా నాన్నకు మాట పడిపోయింది. ఆయనకూ ఇవి వాడొచ్చా?

వాడొచ్చు. ఆయనకు పిల్లల బొమ్మలు ఇవ్వకండి, చిన్నబుచ్చుకుంటారు. ఇంటి ఫొటోలు, పేపరు, చాయ్, మందులు, మనవళ్ల పేర్లు, బ్యాంకు, గుడి, ఇలాంటివి పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వండి. చాలామందికి మాట రాకపోయినా అర్థం చేసుకోవడం మిగిలి ఉంటుంది. ఎదురుగానే ఆయన గురించి మాట్లాడకండి, ఆయనతోనే మాట్లాడండి.

టాబ్లెట్ పాడైతే, ఛార్జింగ్ అయిపోతే ఎలా?

యాప్‌లో మీరు చేర్చిన మాటల ఫైలును నెలకోసారి వేరేచోట కాపీ పెట్టుకోండి. మేము ఒకసారి మూడేళ్ల మాటలు పోగొట్టుకున్నాం. అవే గడులు, అదే వరసలో, కాగితం మీద ప్రింటు తీసి లామినేషన్ చేయించండి. ఒకటి స్కూలు బ్యాగులో, ఒకటి వంటింటి గోడకు, ఒకటి బాత్రూం తలుపు వెనక. గడులు వరస మారకూడదు, వేలికి చోటు అలవాటవుతుంది. మాది వంటింట్లో ఫ్రిజ్ పక్కన, మా పాప చక్రాల కుర్చీలోంచి అందుకునే ఎత్తులో ఉంటుంది. కరెంటు పోయిన సాయంత్రాల్లో టార్చిలైటు దాని మీదకే వేస్తాం.